నాది అనుకున్నదంతా నాదేనా?

(జంగారెడ్డిగూడెంలో జరిగిన రైటరుగారి సంస్మరణ సభలో చేసిన ఉపన్యాసం. అచ్చు కోసం కొద్దిగా సవరించినది.)



ఆహ్వానపత్రికలో ఆయన పేరు లేదు. అచ్చు ప్రతిలోనూ ఉండదు. పేరు వద్దన్నది ఆయన పిల్లల కోరిక. ఈ ఊళ్లో మూడు తరాలవాళ్లు ఆయన్ని రైటరుగారనే పిలిచారు, మనకూ ఆ పిలుపు చాలు. ఆయన దస్తావేజు లేఖరి. పొలం రాయించుకోవడానికి ఎవరొచ్చినా, ఎవరి పేర రాయాలన్నది ఆయన మొదట అడిగేవారు కాదు. కళ్లజోడు పైకి తోసుకుని, "ఇది మీకెలా వచ్చిందండీ?" అనేవారు. దానికి జవాబొచ్చాక, "ఆడపిల్లలు ఎంతమందండీ?" అనేవారు. మొదటి ప్రశ్నకు జనం తడబడేవారు, రెండోదానికి చిరాకుపడేవారు. చిరాకుపడి పక్క రైటరు దగ్గరికి వెళ్లిపోయినవాళ్లలో కొందరు పదేళ్ల తరవాత ప్లీడరునైన నా ఆఫీసు మెట్లెక్కారు. అందుకని నా ప్రాక్టీసుకు ఆయన ప్రశ్నలు కొంత నష్టమేనని చెప్పాలి.

నగరాల్లో ఎస్టేట్ ప్లానింగ్ పేరుతో బ్యాంకులు, ఆడిటర్లు చేసే వ్యాపారం ఎవరికి ఎంత అన్న దగ్గర మొదలవుతుంది. మన మెట్టలో దానికి ముందు ఇంకో మెట్టు ఉంది. పంచుతున్నది అసలు మనదేనా? ఈ సాయంత్రం దాని గురించే మాట్లాడతాను.

మన గోదావరి జిల్లాల్లో ఒక వీలునామా లండన్ దాకా వెళ్లింది. పిఠాపురం రాజా గంగాధర రామారావుగారికి చాలాకాలం మగసంతానం లేక వెంకటగిరి వంశం నుంచి ఒక పిల్లవాణ్ణి దత్తత తీసుకున్నారు. తరవాత 1885లో కొడుకు పుట్టాడు. రాజావారు సంస్థానం మొత్తాన్ని ఆ పసివాడి పేర వీలునామా రాసి కన్నుమూశారు. దత్తపుత్రుడు దావా వేశాడు. పుట్టిన బిడ్డ రాజావారి బిడ్డే కాదన్నదాకా వెళ్లింది వాదన. 1899లో ప్రీవీ కౌన్సిల్ వీలునామా చెల్లుతుందని తేల్చింది. ఆ తీర్పుకు ఆధారం బిడ్డ పుట్టుక కాదు. పిఠాపురం భాగాలుగా విడగొట్టడానికి వీల్లేని సంస్థానం. అలాంటి ఆస్తిలో కొడుకుకు పుట్టుకతో హక్కు రాదు కాబట్టి, రాజుగారు తనకిష్టమైనవాడికి రాసుకోవచ్చు. ఆ పసివాడు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ సంరక్షణలో పెరిగి పెద్దవాడై మనకు సూర్యరాయాంధ్ర నిఘంటువు ఇచ్చాడు. వ్యాజ్యం అటు తిరిగి ఉంటే ఆ నిఘంటువు ఏ పేరుతో వచ్చేదో, అసలు వచ్చేదో రాదో.

రాజుగారికి చెల్లింది రైతుకు చెల్లుతుందా? చిక్కంతా ఇక్కడే. మన పెద్దలు వీలునామా అనగానే ఆ రాజుగారిలాగే రాస్తారు. "నా యావదాస్తి నా పెద్దకుమారునకు చెందవలసినది" అంటారు. మిగతావాళ్లకు పుట్టుకతో హక్కున్న ఉమ్మడి ఆస్తిలో తండ్రి వీలునామా రాయగలిగింది తన వాటా వరకే. హిందూ వారసత్వ చట్టం 30వ సెక్షన్ ఇచ్చిన స్వేచ్ఛ అంతవరకే. వీలునామాలో పదెకరాలు రాసినా, చట్టం లెక్కలో ఆయన రాసింది రెండున్నరే కావచ్చు.

దీనికి తలకిందులుగా ఉండే పొరపాటూ ఉంది. తాత ఆస్తి ఏదైనా మనవడికి పుట్టుకతోనే వస్తుందని మనవాళ్ల గట్టి నమ్మకం. ఆ 1956 చట్టం తరవాత తండ్రి చనిపోతే, ఆయన సొంత ఆస్తిలో కొడుక్కి ఎనిమిదో సెక్షన్ కింద వచ్చిన వాటా కొడుకు స్వంతమే అవుతుంది. మనవలకు అందులో పుట్టుకతో హక్కు ఉండదు. 1986లో చందర్ సేన్ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. అందువల్ల ఒకే సర్వే నంబరులో పక్కపక్కనే ఉన్న రెండెకరాల్లో ఒకటి యజమాని ఇష్టమొచ్చినట్టు రాసుకోదగ్గది, ఇంకొకటి నలుగురు పిల్లలదీ కావచ్చు. పట్టాదారు పాసుపుస్తకంలో ఆ తేడా కనిపించదు. అడంగల్, వన్-బీ రెవెన్యూ లెక్కలు. అవి స్వాధీనానికి సాక్ష్యం కావచ్చుగానీ హక్కును పుట్టించవు. హక్కు ఎలా వచ్చిందో తెలియాలంటే లింకు డాక్యుమెంట్లు తిరగెయ్యాలి. రైటరుగారి మొదటి ప్రశ్న అందుకే.

ఆ ప్రశ్నకు 1970ల నుంచి ఇంకో కష్టమొచ్చింది. 1973 భూసంస్కరణల చట్టం 1975 జనవరి 1న అమల్లోకి వచ్చింది. సీలింగు తప్పించుకోవడానికి ఎందరో భూస్వాములు కాగితాల మీద కుటుంబాలను చీల్చారు. ఆడపిల్లల పేర కొంత, బావమరిది పేర కొంత, నమ్మకస్తుడైన పాలేరు పేర కొంత రాశారు. కాపాడుకోవడమంటే అప్పట్లో ప్రభుత్వం కంట పడకుండా దాచడమే. సీలింగు గొడవ సద్దుమణిగింది, కాగితాలు మిగిలిపోయాయి. ఆనాడు ఊరికే పేరు పెట్టుకున్నవాళ్ల మనవలు ఇప్పుడు వచ్చి, "మా అమ్మమ్మ పేర రిజిస్టరై ఉందండీ" అంటే వాళ్లను తప్పుపట్టలేం.

ఇక ఊరి అవతలి గీత సంగతి. జంగారెడ్డిగూడెం మైదానం. కాస్త ఇటు కదిలితే బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం ఏజెన్సీ. 2014 తరవాత కుకునూరు, వేలేరుపాడు కూడా మన వైపు చేరాయి. మన ఊళ్లో ఇల్లు, అక్కడ పొలం ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లలో కొందరు ఈ సభలోనూ ఉన్నారు, అందుకని సూటిగానే చెబుతాను. 1959 భూబదిలీ రెగ్యులేషన్‌ను సవరించిన 1970 నాటి ఒకటో రెగ్యులేషన్‌ను మనం వన్ ఆఫ్ సెవెంటీ అంటాం. అది ఆ ఏడాది ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలోని భూమిని గిరిజనుడు అమ్మినా, గిరిజనేతరుడు అమ్మినా, కొనేది గిరిజనుడో, గిరిజనులతోనే ఏర్పడిన సహకార సంఘమో కాకపోతే ఆ బదిలీ చెల్లదు. పైగా గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచే వచ్చిందని చట్టం ముందుగానే ఊహించుకుంటుంది. కాదని రుజువు చేసుకునే భారం చేతిలో ఉన్నవాడిది. 1988లో సుప్రీంకోర్టు పి. రామిరెడ్డి కేసులో దీన్ని సమర్థించింది.

ఇందులో ఒక చిన్న సందు కనిపిస్తుంది. బదిలీ అంటే ఏమిటో రెగ్యులేషన్ చెప్పింది: తనఖా, కౌలు, అమ్మకం, దానం, మార్పిడి, ఇంకా ఇలాంటివన్నీ. మరణశాసనాన్ని మాత్రం అందులోంచి మినహాయించింది. అంటే ఏజెన్సీ పొలం బతికుండగా కూతురికి దఖలు రాయబోతే చట్టం అడ్డుతగులుతుంది, వీలునామా రాస్తే అది ఆ నిర్వచనంలోకి రాదు. ఇది చెప్పగానే కొందరి మొహాలు వెలగడం చూశాను. కాస్త ఆగండి. వీలునామా ఉన్న హక్కును చేరవేస్తుంది, లేనిదాన్ని పుట్టించదు. 1970 తరవాత తెల్లకాగితం మీద కొన్న పొలాన్ని ఎంత చక్కగా వీలునామా రాసినా, పిల్లలకు దక్కేది ఆ భూబదిలీ రెగ్యులేషన్ కింద ఎల్టీఆర్ కేసు. 1990ల చివర్లో బుట్టాయగూడెం, జీలుగుమిల్లి వైపు కోయలు భూముల కోసం లేచినప్పుడు ఇక్కడ చాలామంది దాన్ని శాంతిభద్రతల గొడవగా చూశారు. నాకు అది ఒక కుటుంబం తన ఆస్తి తిరిగి అడగడంగానే కనిపించింది. అలాంటి పొలం పిల్లలకు రాయడానికి నేను సలహా ఇవ్వను. రైటరుగారు కూడా రాసేవారు కాదు.

గీత అవతలివాళ్ల వారసత్వం మాటా చెప్పుకోవాలి. హిందూ వారసత్వ చట్టం రెండో సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు తెగలకు ఆ చట్టం వర్తించదు. కోయ కుటుంబంలో కూతురికి వాటా ఉందా అంటే ఆచారం వైపు చూడాలి. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఒక గోండు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు, ఆడవాళ్లకు వాటా లేదనే ఆచారాన్ని రుజువు చెయ్యనప్పుడు వాళ్లను పక్కనపెట్టడం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. ఆ తీర్పు మన ఏజెన్సీ గడపలోకి ఎప్పుడు వస్తుందో చూడాలి.

ఇప్పుడు రైటరుగారి రెండో ప్రశ్న.

ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రం మనదే. ఎన్టీ రామారావుగారి ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అయితే ఆ తేదీకి పెళ్లయిపోయినవాళ్లకు అది వర్తించలేదు. అందువల్ల ఒకే ఇంట్లో చెల్లికి వాటా ఉంది, అక్కకు లేదు. ఆ తేడా 2005 సెప్టెంబరు 9 కేంద్ర సవరణతో పోయింది. అప్పటికి తండ్రి బతికుండాలా అన్న గొడవను 2020 ఆగస్టు 11న వినీతా శర్మ తీర్పు ముగించింది. బతికుండనక్కర్లేదు. హక్కు పుట్టుకతో వచ్చింది, చావుతో ముడిపడదు. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన భాగపరిష్కారమో, కోర్టు డిక్రీయో ఉంటే దాన్ని కదపరు. "మేం ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామండీ" అంటే కోర్టు తేలిగ్గా నమ్మదు. దానికి తోడు ప్రభుత్వ రికార్డు ఏదైనా గట్టిగా ఉండాలి.

మనవాళ్లకు పసుపుకుంకుమ అని మరో వాడుక ఉంది. పెళ్లినాడు పీటల మీద ఎకరమో, అరెకరమో కూతురికి ఇచ్చామంటారు. పందిట్లో నూరుమంది విన్నారు కూడా. కానీ స్థిరాస్తి దానం చెల్లాలంటే రిజిస్టరైన దస్తావేజు కావాలి. ముప్ఫయ్యేళ్లు కౌలు డబ్బు ఆ కూతురికే పంపినా పొలం తండ్రి పేరనే ఉంటుంది. ఆయన పోయాక అన్నదమ్ములు, "అక్కకి అప్పుడే ఇచ్చేశాం" అంటారు. మాటవరసకు ఇచ్చినదాన్ని వాటాలోంచి మినహాయించడానికి గుర్తుచేసుకుంటారు, పత్రం రాయడానికి మాత్రం గుర్తురాదు. ఇవ్వదలచుకుంటే దఖలు దస్తావేజు రాయండి. రాయలేకపోతే వీలునామాలో ఆ పొలం ఆమెకే అని రాసి సర్వే నంబరు వెయ్యండి.

భార్య విషయంలో మగవాళ్ల చెయ్యి ఇంకా బిగుసుకుంటుంది. "నా భార్య జీవితాంతం అనుభవించి, తదనంతరం నా కుమారులకు" అన్న వాక్యం మన దస్తావేజుల్లో కొన్ని వేలసార్లు కనిపిస్తుంది. నెల్లూరులో తులశమ్మ అనే వితంతువు 1944లో భరణం కోసం వేసిన దావా 1949లో రాజీ అయింది. ఆమెకు జీవితకాలపు అనుభవం మాత్రమే ఇచ్చారు. తరవాత ఆమె అమ్మింది, మరిది కోర్టుకెళ్లాడు. 1977లో సుప్రీంకోర్టు, భరణం హక్కు బదులుగా వచ్చిన ఆస్తి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ మొదటి ఉపవిభాగం కింద ఆమెకు పూర్తి స్వంతం అవుతుందని తేల్చింది. ఆ తరవాత తీర్పులు అటూ ఇటూ వచ్చాయి. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఈ చిక్కును పెద్ద ధర్మాసనానికి పంపింది. దేశంలోని అత్యున్నత న్యాయస్థానానికే స్పష్టత కావలసిన వాక్యాన్ని మీ వీలునామాలో ఎందుకు రాసుకోవాలి? ఆమెకు ఇచ్చేది పూర్తిగా ఇవ్వండి, కొడుకులకిచ్చేది విడిగా ఇవ్వండి.

ఆడవాళ్ల సొంత ఆస్తికి వస్తే ఇంకా బాధ కలిగించే సంగతి ఉంది. ఇక్కడి నుంచి వెళ్లిన పిల్లలు డల్లాస్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉద్యోగాలు చేస్తున్నారు, ఫ్లాట్లు కొంటున్నారు. పిల్లలు లేని వితంతువు వీలునామా రాయకుండా పోతే, పుట్టింటి నుంచి వచ్చింది పుట్టింటికి వెళ్తుంది. తాను సంపాదించింది భర్త వారసులకు వెళ్తుంది. నారాయణీదేవి అనే ఆమె పెళ్లయిన మూడు నెలలకే భర్తను పోగొట్టుకుంది. అత్తవారు గెంటేశారు. పుట్టింట్లో ఉండి చదువుకుని ఉద్యోగం చేసింది. 1996లో పోయింది. ఆమె బ్యాంకు డబ్బు, ప్రావిడెంట్ ఫండ్ ఆమె తల్లికి కాకుండా, భర్త అక్కచెల్లెళ్ల పిల్లలకు ఇమ్మని 2009లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం అలాగే ఉంది, సానుభూతి దాన్ని మార్చదని కూడా అంది. వీలునామా ముసలితనం పని అనుకునే ఆడపిల్లలకు ఈ కేసు చెప్పండి. మగపిల్లలకు కూడా ఒక మాట. పెళ్లైన కొడుకు వీలునామా లేకుండా పోతే భార్య, పిల్లలు, తల్లి సమానంగా పంచుకుంటారు. తండ్రి మొదటి వరసలో లేనే లేడు.

క్రైస్తవులకు 1925 భారత వారసత్వ చట్టం నేరుగా వర్తిస్తుంది. వీలునామా లేకపోతే భార్యకు మూడో వంతు, మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. ముస్లిములు వారసుల అంగీకారం లేకుండా మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు. ఈ రెంటి గురించి మాట్లాడవలసినది చాలా ఉంది, ఈరోజు వ్యవధి లేదు.

"చచ్చాక ఎందుకండీ, ఇప్పుడే రాసిచ్చేస్తే పోలా" అనే పెద్దలున్నారు. రాసివ్వండి, కాని కాళ్ల కింద నేల ఉంచుకోండి. 2007 వృద్ధుల సంరక్షణ చట్టం 23వ సెక్షన్ కింద, తమను చూసుకోవాలన్న షరతుతో ఇచ్చిన ఆస్తిని ఆ షరతు తప్పితే ట్రిబ్యునల్ రద్దు చేయొచ్చు. మనకు ఆ ట్రిబ్యునల్ ఆర్డీవోగారే. దస్తావేజులో షరతు లేకపోతే ఆ సెక్షన్ పనిచెయ్యదని 2022లో సుప్రీంకోర్టు అంది. 2025 జనవరిలో మరో తీర్పులో కాస్త ఉదారంగా చూసింది. ఏది ఏమైనా, ఆ ఒక్క వాక్యం దస్తావేజులో రాయడానికి సిగ్గుపడకండి. కొడుకు మంచివాడైతే దానివల్ల అతనికి వచ్చే నష్టమేమీ లేదు.

బతికుండగా ఇచ్చేసిన గొప్ప ఉదాహరణ కూడా మన రాజమండ్రిలోనే ఉంది. సంతానం లేని కందుకూరి వీరేశలింగంగారు 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి తన ఆస్తినంతా దానికి రాసిచ్చేశారు. 1919లో ఆయన పోయేనాటికి పంచుకోవడానికి ఏమీ మిగల్లేదు, వ్యాజ్యానికీ ఏమీ మిగల్లేదు. పిఠాపురంవారి ఆస్తి లండన్ దాకా వెళ్లడానికీ, పంతులుగారి ఆస్తి ఊరు దాటకపోవడానికీ తేడా ధనంలో లేదు. ఒకరు ఎవరికి అన్నది చివరిదాకా తన చేతిలో ఉంచుకున్నారు, మరొకరు ముందే చెయ్యి వదిలేశారు.

అప్పుల మాట చెప్పకపోతే ఇది జంగారెడ్డిగూడెం ఉపన్యాసం కాదు. పొగాకు వేలంకేంద్రంలో ఒక్క ఏడు ధర పడితే బ్యారన్ల అప్పు ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. తండ్రి అప్పు కొడుకు తీర్చాలన్నది 2005 దాకా హిందూ చట్టంలో పుణ్యధర్మంగా ఉండేది. ఆ సవరణ తరవాత చేసిన అప్పుకు ఆ ధర్మం ఒక్కటే కారణంగా కొడుకు మీదకు వెళ్లడానికి లేదు. తండ్రి వదిలిన ఆస్తి మేరకే అప్పులవాడు అడగగలడు. హామీ సంతకం పెట్టి పోయినా అంతే. అప్పు నెత్తి మీదికి వచ్చాక పొలం భార్య పేర రాస్తే ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద అప్పులవాడు దాన్ని కొట్టేయించవచ్చు. ఆ పని నేను కోర్టులో రెండు వైపులా నిలబడి చేశాను, ఎటు నిలబడ్డా దుఃఖమే. కాపాడుకోవలసింది అప్పుకు ముందు. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం ఆరో సెక్షన్ ఇన్నేళ్లుగా ఊరికే పడి ఉంది. మగవాడు తన మీద తీసుకున్న బీమా పాలసీ భార్య, పిల్లల కోసమని పాలసీలోనే రాయిస్తే అది వాళ్ల కోసం ట్రస్టు అవుతుంది. అప్పులవాళ్లను ముంచే ఉద్దేశంతో తీసుకున్నది కానంతవరకు వాళ్లు ముట్టుకోలేరు. పాలసీ తీసుకునేటప్పుడే అడగాలి, ఏజెంటు తనంతట తాను చెప్పడు.

నామినీ యజమాని కాడు. బ్యాంకు డబ్బు, షేర్లు అందుకునే చెయ్యి మాత్రమే అతనిది. వారసులో, వీలునామాలో పేరున్నవాళ్లో అడిగితే ఇచ్చెయ్యాలి. షేర్ల విషయంలో 2023 డిసెంబరులో శక్తి యెజ్దానీ తీర్పు ఇదే చెప్పింది. బీమాలో మాత్రం 2015 సవరణ తరవాత తల్లిదండ్రులు, భార్యాభర్తలు, పిల్లలు నామినీలైతే డబ్బు వాళ్లదే. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. పోలవరం ముంపు నుంచి తాడువాయి కాలనీకి వచ్చినవాళ్లకు ఇది మరీ ముఖ్యం. ఊళ్లో నేల ఎవరిదో నలుగురికీ తెలుసు, పాసుబుక్కులో పరిహారం డబ్బు ఎవరిదో ఒక్కరికే తెలుసు.

సభకు ముందు ఒక పెద్దాయన, "వీలునామాకు స్టాంపు కాగితం కావాలా, సాక్షులుగా ఎవరిని పెట్టాలి?" అని అడిగారు. స్టాంపు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. కానీ రిజిస్టరైన వీలునామాను తరవాత రాసిన రిజిస్టరు కానిది కూడా రద్దు చెయ్యగలదు. ఎప్పుడూ చివరిదే చెల్లుతుంది కాబట్టి తేదీ వెయ్యండి, పాతది రద్దని రాయండి. ఏలూరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర సీలు వేసిన కవరులో దాచనూ వచ్చు. సాక్షులు ఇద్దరుండాలి, మీరు సంతకం పెడుతుంటే చూసి వాళ్లూ పెట్టాలి. రేపు కోర్టులో కనీసం ఒకరైనా బోనెక్కి చెప్పాలి. అందుకని మీ ఈడువాళ్లను పెట్టుకోకండి. మీకంటే పాతికేళ్లు చిన్నవాళ్లను, ఊళ్లోనే ఉండేవాళ్లను, మీ వీలునామాలో తమకు ఏమీ రానివాళ్లను పెట్టుకోండి.